క్రీమీ చికెన్ చిల్లీ ఒకసారి విరిగింది, ఒకసారి చేదైంది: పొబ్లానో దొరకని తిరుపతిలో దీన్ని ఎలా చేయాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి అమ్మా. డాలస్‌లో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. అక్కడ మీ కోడలు కాల్చిన మిరపకాయలు, తెల్ల బీన్సు, చికెన్ వేసి తెల్లగా, చిక్కగా చేసే క్రీమీ చికెన్ చిల్లీ మీకు తెగ నచ్చింది. తిరుపతి వచ్చాక రెండుసార్లు చేశారు. మొదటిసారి పెరుగు పోయగానే విరిగి పలుకులు పలుకులైంది. రెండోసారి విరగలేదు కానీ నోట్లో పెట్టుకుంటే చేదు. కోడలు చెప్పిన పొబ్లానో మిరపకాయలు, క్యాన్‌లో వచ్చే తెల్ల బీన్సు ఇక్కడ దొరకలేదు. పైగా మీవారు "చిల్లీ చికెన్ అన్నావు, ఇదేంది పాయసం మాదిరి ఉంది" అన్నారు. వచ్చే ఆదివారం చిత్తూరులో వియ్యంకుల ఇంటికి దీన్నే చేసుకుని పోవాలి. అంతేనా?

నేరుగా జవాబు చెప్పేస్తాను. పొబ్లానో బదులు బజ్జీ మిరపకాయలు, క్యాప్సికం కలిపి వాడండి. మంట మీద పెట్టి తోలు పూర్తిగా నల్లబడేదాకా కాల్చి, మూతపెట్టి, ఆ తోలు తీసేయండి. పెరుగు, క్రీమ్, నిమ్మరసం మాత్రం పొయ్యి కట్టేశాకే వేయండి. చేదు మిరపకాయలు కాల్చడంలో జరిగిన పొరపాటు వల్ల వచ్చింది, విరగడం పెరుగు, నిమ్మరసం వేయడంలో జరిగిన పొరపాటు వల్ల. బీన్సు గురించి దిగులే వద్దు. మన జిల్లాలో అంతకంటే మంచి సరుకు ఉంది, కింద చెబుతాను.

నేను చెఫ్ చదువు చదవలేదు. పీలేరు దగ్గర పల్లె మాది. కువైట్‌లో ఒక అమెరికన్ రకం రెస్టారెంట్ వంటగదిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి రెండేళ్లు ఎర్రగడ్డలు తరగడం, మిరపకాయలు కాల్చడమే నా పని. ఇప్పుడు చిత్తూరులో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఈ వంట అక్కడ వారానికి మూడు రోజులు పెద్ద పెద్ద దబరల్లో చేసేవాళ్లం, కాబట్టి దీన్ని పాడుచేసే మార్గాలన్నీ నేను ఒకసారి నడిచి చూసినవే.

మీవారి మాట తీసిపారేయకండి. పేరు దగ్గరే సగం తకరారు ఉంది. మన దగ్గర చిల్లీ చికెన్ అంటే ఫ్రైడ్ రైస్ బండి దగ్గర సోయా సాస్ వేసి వేయించే ఇండో చైనీస్ వంట. అమెరికాలో చిల్లీ అంటే గిన్నెలో పోసుకుని చెంచాతో తినే చిక్కటి కూర. దాని అసలు రూపం చిల్లీ కాన్ కార్నె, అంటే మాంసంతో మిరపకాయ. గొడ్డు మాంసం, ఎండుమిర్చితో ఎర్రగా ఉంటుంది. 1977లో టెక్సాస్ రాష్ట్రం దాన్ని అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అందులో బీన్సు వేస్తే ఒప్పుకోని టెక్సాస్ వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చికెన్, తెల్ల బీన్సు, పచ్చి మిరపకాయలతో చేసే ఈ తెల్ల చిల్లీ ఆ తర్వాత పుట్టిన చెల్లెలు. నేను కూడా ఒక ఆదివారం కర్రీ పాయింట్ బోర్డు మీద "చికెన్ చిల్లీ" అని రాసి పెట్టాను. మధ్యాహ్నానికి నలుగురు కవర్లు వెనక్కి తెచ్చారు, "అన్నా, మాకు చిల్లీ చికెన్ కదా కావాల్సింది" అని. మరుసటి వారం అదే కూరని "కాల్చిన మిరపకాయ కోడికూర" అని రాశాను. ఒంటిగంటన్నరకు గిన్నె ఖాళీ. మీరూ వియ్యంకుల ఇంట్లో పేరు మార్చి చెప్పండి, నా మాట వినండి.

ఇక మిరపకాయల సంగతి. పొబ్లానో అనేది మెక్సికోలో ప్యూబ్లా అనే చోటి పేరు మీద పిలిచే కాయ. ముదురు ఆకుపచ్చ, వెడల్పు, కండ దళసరి, కారం తక్కువ. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో అది సుమారు 1,000 నుంచి 1,500 మధ్య ఉంటుంది. మన గుంటూరు సన్నాలు 35,000 దాటుతాయి. క్యాప్సికంకి అసలు సున్నా. అంటే పొబ్లానోలో మనకు కావలసినవి రెండు: కాల్చితే మెత్తగా అయ్యే కండ, మిరపకాయ వాసన. కండ క్యాప్సికం ఇస్తుంది, వాసన బజ్జీ మిరపకాయ ఇస్తుంది. ఒక్క క్యాప్సికంతోనే చేస్తే నూడుల్స్ వాసన వస్తుంది. ఒక్క బజ్జీ కాయలతోనే చేస్తే గుజ్జు తక్కువై కూర పలచబడుతుంది. నేను ఎనిమిది బజ్జీ కాయలకి రెండు క్యాప్సికంలు వేస్తాను. కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చే క్యాప్సికం తాజాగా ఉంటుంది. పైన తోలు బిగువుగా, మెరుస్తూ ఉన్నవే ఏరుకోండి. ముడుతలు పడిన కాయ కాలదు, వాడిపోతుంది. ఆకుపచ్చ క్యాప్సికం అంటే ఇంకా పండనిది, కొంచెం వగరు, కొంచెం చేదు దానికి సహజం. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు తీసుకుంటే ఆ చేదు సర్దుకుంటుంది. ఎర్రది వేస్తే రుచి బాగానే ఉంటుంది కానీ కూర గులాబీ రంగుకి తిరుగుతుంది, చూడ్డానికి నాకు నచ్చదు.

బజ్జీ కాయల్లో ఒక మోసం ఉంది. ఒకే కుప్పలో తొమ్మిది కాయలు చప్పగా ఉంటే పదోది నాలుక కోసేస్తుంది. కొనేటప్పుడు కొస కొరికి చూసి లాభం లేదు. కారం గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, అది తొడిమ దగ్గర ఎక్కువ. కాల్చి చీల్చాక తొడిమ వైపు చిన్న ముక్క రుచి చూడండి, ఆ కాయ గుణం తెలిసిపోతుంది. పిల్లలు తినేట్టయితే ఈనె మొత్తం గీకేయండి.

ఇప్పుడు కాల్చడం. మీరు రాసిన దాన్ని బట్టి రెండోసారి మీరు నూనె రాసి, సన్న మంట మీద చాలాసేపు కాల్చి, తోలుతో సహా మిక్సీలో వేశారు. చేదు అక్కడే వచ్చింది. నల్లబడిన తోలు బొగ్గే కదా, దాన్ని రుబ్బితే కూర అంతా పాకుతుంది. పైగా సన్న మంట మీద తోలు కాలేలోగా లోపలి కండ ఎండిపోతుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా ఎదురు. మంట పెద్దది, సమయం తక్కువ, నూనె చుక్క కూడా వద్దు. తోలు కింద ఉన్న తేమ ఆవిరై తోలుని పైకి లేపాలి. పెద్ద మంట మీద అది గబగబా జరుగుతుంది, కండకి వేడి తగిలి మెత్తబడుతుంది కానీ మాడదు.

గ్యాస్ పొయ్యి మీద నేరుగా పుల్కా జాలీ పెట్టి కాయలు పరచండి. బర్నర్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ పరిస్తే తర్వాత తోమే పని తగ్గుతుంది. బజ్జీ కాయలకి ముందే కత్తి మొనతో ఒక గాటు పెట్టండి. లోపల బోలుగా ఉంటాయి కదా, గాటు లేకపోతే ఆవిరి పట్టి టపీమని పగులుతాయి. పటకారుతో తిప్పుతూ ఉంటే బజ్జీ కాయలకి మూడు నాలుగు నిమిషాలు, క్యాప్సికంకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. అక్కడక్కడా మచ్చలు పడితే చాలదు, మొత్తం నల్లబడాలి. కొత్తవాళ్లు భయపడి ఆపేసేది ఇక్కడే. వంకాయ కాల్చి పచ్చడి చేసే చెయ్యి మీది, ఆ ధైర్యమే దీనికీ చాలు. ఇండక్షన్ స్టవ్ అయితే ఇనుప పెనాన్ని పొగ వచ్చేదాకా కాచి, కాయల్ని దాని మీద అదిమి తిప్పండి. తోలు కొంచెం మొండికేస్తుంది కానీ పని జరుగుతుంది. ఓవెన్ ఉంటే 230 డిగ్రీలు, ఇరవై, ఇరవైఐదు నిమిషాలు. అన్నిటికంటే బాగుండేది బొగ్గుల కుంపటి. మా అమ్మ ఇంటి వెనక కట్టెల పొయ్యి నిప్పుల్లో కాల్చిన కాయలతో ఒకసారి చేశాను, ఆ పొగ వాసన గ్యాస్ మీద ఎన్ని తిప్పలు పడినా రాదు.

కాల్చిన వెంటనే స్టీలు గిన్నెలో వేసి పైన పళ్లెం మూతపెట్టండి. పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. వాటి ఆవిరికే అవి మగ్గి తోలు వదులవుతుంది. కొందరు ప్లాస్టిక్ కవర్లో కడతారు, అంత వేడి కాయల్ని ప్లాస్టిక్‌లో కట్టడం నాకు ఇష్టం లేదు. తర్వాత వేళ్లతో రుద్దితే తోలు ఊడివస్తుంది. కుళాయి కింద మాత్రం కడగొద్దు. కువైట్‌లో చేరిన మొదటి వారంలో నేను ఐదు కిలోల కాయలు కాల్చి, తోలు త్వరగా వస్తుందని బకెట్ నీళ్లలో వేసి శుభ్రంగా కడిగాను. మా పెద్ద కుక్ లెబనాన్ ఆయన. నన్ను ఏమీ అనలేదు. చెంచా తీసుకుని ఆ బకెట్ నీళ్లు ముంచి నాతో తాగించాడు, తర్వాత ఒక మిరపకాయ ముక్క నోట్లో పెట్టాడు. కాయ కంటే నీళ్లే రుచిగా ఉన్నాయి. ఆరోజు ఆ నీళ్లనే చికెన్ ఉడికించడానికి వాడించాడు. మీరు పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని వేళ్లు ముంచుకుంటూ తీయండి. ఒకటి రెండు నల్ల మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. గిన్నె అడుగున చేరిన రసం పారబోయకండి, అది కూరలోకే.

ఒక జాగ్రత్త. పని మొదలుపెట్టే ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకోండి, అయ్యాక మళ్లీ నూనెతో రుద్ది అప్పుడు సబ్బుతో కడగండి. మిరప ఘాటు నీళ్లకి లొంగదు, కొవ్వుకి లొంగుతుంది. మా కుర్రాడు ఒకడు కాయలు ఒలిచి, ఉత్త నీళ్లతో చేయి కడుక్కుని కన్ను నలుపుకున్నాడు. సాయంత్రం దాకా షాపు నేనొక్కడినే చూసుకున్నాను.

క్రీమ్ ఎందుకు వేస్తారన్నదానికీ కారణం ఇదే. పాలలోని కొవ్వు, ప్రోటీను మిరపకాయ మంటని పట్టి తగ్గిస్తాయి, వాసన మాత్రం మిగులుతుంది. మెక్సికోలో కాల్చిన పొబ్లానో చీలికల్ని క్రీమ్‌లో వేసి వండే వంటకం విడిగా ఉంది, రాహస్ కాన్ క్రెమా అంటారు. కాబట్టి ఇది అమెరికా వాళ్లు కొత్తగా కలిపిన జోడీ కాదు. మా అమ్మకి మొదటిసారి ఇది పెట్టినప్పుడు తిని "ఊరిబిండిలో పాలు పోసినట్టుందిరా" అంది. నేను నవ్వాను కానీ, ఆలోచిస్తే ఆమె అన్నది తప్పు కాదు. కాల్చిన మిరపకాయ, తెల్లగడ్డ, ఎర్రగడ్డ, చిక్కదనానికి ఒక గింజ. మనం శెనక్కాయలు వేస్తాం, వాళ్లు బీన్సు వేస్తారు.

ఆ గింజ దగ్గరికి వచ్చాం. చలికాలం అయితే వేరే ఆలోచనే వద్దు, పితికిపప్పు వేయండి. సంక్రాంతి ముందు అనపకాయలు దిగే రోజుల్లో గింజలు నానబెట్టి, పితికి తోలు తీసిన పప్పు. మన వైపు కోడికూరలో, వేటకూరలో ఎలాగూ వేస్తాం. క్యాన్లలో వచ్చే తెల్ల బీన్సు ఉప్పు నీళ్లలో నాని నాని పిండిలా ఉంటుంది. పితికిపప్పు వెన్నలా కరుగుతుంది, తియ్యదనం వేరు. పది పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతుంది కాబట్టి కుక్కర్ కూడా అక్కర్లేదు. మిగతా కాలంలో అలసందలు. ఆరు గంటలు నానబెట్టి మూడు కూతలు. రంగు కొంచెం మట్టిగా వస్తుంది, పర్వాలేదు. సూపర్ మార్కెట్‌లో తెల్ల రాజ్మా దొరికితే అదీ వేయొచ్చు, కానీ ఒక మాట గుర్తుంచుకోండి. రాజ్మా జాతి గింజలు సరిగ్గా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వాటిలో ఉండే ఒక సహజ విషపదార్థం బాగా మరిగితేనే పోతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో ఆరేడు కూతలు రానివ్వండి. నానిన గింజల్ని నేరుగా కూరలో వేసి సన్న సెగ మీద ఉడికించే పని మాత్రం చేయొద్దు.

గింజ ఏదైనా మూడో వంతు తీసి, కాల్చిన మిరపకాయల్లో సగంతో కలిపి మెత్తగా రుబ్బండి. కూరకి చిక్కదనం వచ్చేది దీంతోనే. మైదా, కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబరిస్తే హోటల్ సూప్ అవుతుంది.

చికెన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బ్రెస్ట్ ముక్కలు కాకుండా ఎముకతో ఉన్న తొడ, కాలు ముక్కలు తీసుకోండి. ముందు లీటరు నీళ్లలో ఉడికించి, మాంసం చీల్చి పక్కన పెట్టి, ఆ నీళ్లనే కూరకి వాడండి. బాయిలర్ కోడి అయితే ఇరవైఐదు నిమిషాలు చాలు. నాటుకోడితో చేయొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. నేను చేశాను. రసం అద్భుతం, మాంసం మాత్రం పీచు పీచుగా చీలదు, నమలాల్సి వస్తుంది. క్రీమ్ కూరలో ఆ నమిలే పని బాగుండదు. నాటుకోడిని పులుసు కోసం ఉంచుకోండి.

మసాలాలో జీలకర్రే రాజు. వేయించి దంచిన జీలకర్ర ఒకటిన్నర చెంచా, ధనియాల పొడి ఒక చెంచా, అంతే. గరం మసాలా, పసుపు, అల్లం వద్దు. చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు, అయినా వద్దు. వేసిన మరుక్షణం ఇది మన కుర్మా అయిపోతుంది. మీ కోడలు వేసే ఆరిగానో బహుశా మెక్సికన్ రకం, అది పిజ్జా ప్యాకెట్లలో వచ్చే దానికంటే వేరే మొక్క. మీ ఇంట్లో కుండీలో వామాకు ఉందా? పిల్లలకి దగ్గొస్తే రసం తీసి పట్టేది, దళసరి ఆకు. దానికి క్యూబన్ ఆరిగానో అనే పేరు కూడా ఉంది. రెండు ఆకులు సన్నగా తరిగి వేయండి, ఎక్కువైతే మందు వాసన వస్తుంది. అది లేకపోతే పిజ్జాతో వచ్చి డ్రాయర్లో పడి ఉన్న ప్యాకెట్లు రెండు చింపండి, ఎవరూ కనిపెట్టరు.

ఇప్పుడు విరగడం. మొదటిసారి మీరు నిమ్మరసం పిండి, కూర కుతకుత ఉడుకుతుండగా ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు పోశారు. అది విరగక ఏం చేస్తుంది? పులుపు, వేడి రెండూ కలిస్తే పాల ప్రోటీను ముద్దలు కడుతుంది. పనీర్ చేసేది అలాగే కదా. కొవ్వు ఎక్కువ ఉంటే అది అడ్డుపడి కాపాడుతుంది. అందుకే 25 శాతం కొవ్వున్న ప్యాకెట్ క్రీమ్ అంత తొందరగా విరగదు, మూడు శాతం కొవ్వున్న పెరుగు వెంటనే విరుగుతుంది.

అమెరికాలో వేసేది సవర్ క్రీమ్, క్రీమ్ చీజ్. వాటి బదులు నేను వేసేది ఇది. గడ్డ పెరుగుని పలచటి గుడ్డలో మూటగట్టి రెండు గంటలు వేలాడదీసి నీరు వార్చాలి. అర కప్పు రావాలి. దానికి ముప్పావు కప్పు ఫ్రెష్ క్రీమ్, ఒక చెంచా శనగపిండి కలిపి ఉండలు లేకుండా గిలకొట్టాలి. శనగపిండి ఎందుకో మజ్జిగ పులుసు చేసే మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే కాపలా. ఇంట్లో మీగడ ఉంటే క్రీమ్ బదులు వేయొచ్చు, కానీ పుల్లబడనిది కావాలి. చేత్తో గిలకొట్టండి, మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే వెన్న తేలుతుంది.

కలపడంలో తొందర వద్దు. ముందు రెండు గరిటెల వేడి కూర రసం తీసి ఈ పెరుగు గిన్నెలో పోస్తూ కలపండి. పెరుగు వేడికి అలవాటు పడుతుంది. అప్పుడు కూర గిన్నెలో పోసి, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా కలుపుతూ ఉంచండి. శనగపిండి పచ్చి వాసన పోవడానికి అంత మాత్రం సెగ కావాలి. పొయ్యి కట్టేశాకే వేయమన్నాను కదా అంటారా? పిండి కలపని ఉత్త క్రీమ్, పెరుగు అయితే అదే పద్ధతి, పొయ్యి కట్టేశాకే. పిండి కలిపిన దానికి ఈ నాలుగు నిమిషాల మినహాయింపు ఉంది, తెర్లనివ్వకూడదు, అంతే తేడా. నిమ్మరసం మాత్రం ఎలా చేసినా చిట్టచివర, గిన్నె కింద పెట్టాకే.

ఒకవేళ మళ్లీ విరిగిందే అనుకోండి, పారబోయకండి. చికెన్ ముక్కలు తీసి పక్కన పెట్టి, రసాన్ని ఒక గుప్పెడు ఉడికిన గింజలు, ఒక చెంచా వెన్నతో మిక్సీలో తిప్పండి. కొత్తదంత నున్నగా రాదు కానీ వడ్డించుకునేంత బాగుపడుతుంది. మా షాపులో ఇలా రెండుసార్లు గట్టెక్కాను.

మొత్తం క్రమం ఒకచోట రాస్తున్నాను, నలుగురైదుగురికి సరిపోతుంది. ఎముకతో ముప్పావు కిలో చికెన్‌ని ఉప్పు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు వేసి లీటరు నీళ్లలో ఉడికించి, మాంసం చీల్చి, రసం వడకట్టుకోండి. ఎనిమిది బజ్జీ కాయలు, రెండు క్యాప్సికంలు కాల్చి ఒలిచి, సగం సన్నగా చీరి, సగం రుబ్బడానికి పెట్టుకోండి. రెండు కప్పుల ఉడికిన పితికిపప్పు లేదా అలసందలు సిద్ధంగా ఉండాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల వెన్న, ఒక చెంచా నూనె వేసి, రెండు పెద్ద ఎర్రగడ్డలు రంగు మారకుండా మెత్తబడేదాకా వేయించండి. ఎరుపెక్కితే కూర తెల్లగా ఉండదు. ఆరు తెల్లగడ్డ రెబ్బలు తరిగి వేసి, జీలకర్ర, ధనియాల పొడి, వామాకు వేయండి. రుబ్బిన ముద్ద, మూడు కప్పుల కోడి రసం, గింజలు వేసి పదిహేను నిమిషాలు ఉడకనివ్వండి. చీల్చిన చికెన్, ఒక కప్పు స్వీట్ కార్న్, మిరపకాయ చీలికలు వేసి మరో ఐదు నిమిషాలు. సెగ తగ్గించి పైన చెప్పినట్టు పెరుగు, క్రీమ్ కలపండి. దించి, ఉప్పు చూసి, నిమ్మకాయ సగం, గుప్పెడు కొత్తిమీర. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద కొంచెం పలచగా ఉన్నప్పుడే ఆపండి.

వాళ్లు దీంతో మొక్కజొన్న చిప్స్ తింటారు. నిప్పట్లు విరిచి పైన వేసుకోండి, ఏ చిప్సూ దాని ముందు నిలవదు. మా షాపులో రాగి సంగటితోనే ఎక్కువ పోతుంది. మీవారికి కారం చాలకపోతే పక్కన ఊరిబిండి పెట్టండి. కూరలో కారప్పొడి కలపడం మాత్రం వద్దు.

ఇక చిత్తూరు ప్రయాణం. శనివారం రాత్రి క్రీమ్, పెరుగు వేయకముందు దశ వరకు చేసి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం మన తిరుపతి వేడికి కోడికూర గంట కంటే ఎక్కువ బయట ఉంచకూడదు. ఆదివారం పొద్దున ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో పెట్టుకుని వెళ్లండి, డెబ్బై కిలోమీటర్లే కదా. పెరుగు, క్రీమ్ కలిపిన గిన్నె విడిగా తీసుకెళ్లి, అక్కడ కూర బాగా తెర్లేదాకా వేడిచేసి, సెగ తగ్గించి అప్పుడు కలపండి. మిగిలింది మర్నాడు వేడిచేసేటప్పుడు కూడా సన్న సెగే. ఫ్రీజర్‌లో పెట్టాలనుకుంటే క్రీమ్ వేయకముందు భాగమే పెట్టండి, క్రీమ్ గడ్డకట్టి కరిగితే ఇసుకలా అవుతుంది. మిరపకాయలు మాత్రం మీ ఇంట్లోనే కాల్చుకుని వెళ్లండి. ఆ పొగకి వియ్యంకుల వంటింట్లో అందరూ దగ్గడం మొదలుపెడితే, తర్వాత కూర ఎంత బాగున్నా వాళ్లకి ఆ దగ్గే గుర్తుంటుంది.